విప్పి చూడని కట్టు

మీరు ఎప్పుడైనా ఒక మనిషి వేలికున్న కట్టు విప్పి చూడకుండానే, దాని కింద గాయం లేదని సాక్ష్యం చెప్పారా?

నేను చెప్పాను. నా మాట నమ్మారు. దాంతో ఒకామె ఆట అక్కడితో ఆగిపోయింది.

ఈ మూడు వాక్యాలు రాయడానికి నాకు నలభై ఏళ్ళకు దగ్గరగా పట్టింది. ఆడవాళ్ళు విసిరే షాట్‌పుట్ గుండు నాలుగు కిలోలు. దాన్ని మెడకు ఆనించి కాసేపు నిలబడటం ఎవరికైనా చేతనవుతుంది. ఇన్నేళ్ళు నిలబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా వ్యాసాలు చదివి చప్పట్లు కొట్టినవారిలో మీరూ ఉంటే, ఇది మీరు మరీ వినాలి.

నేను హేతువాదిని. ఇప్పటికీ హేతువాదినే, ఇది మతం పుచ్చుకున్నవాడి పశ్చాత్తాపం కాదు. గుంటూరులో చదువుకునే రోజుల్లో, గాలిలోంచి విబూది తీసే ఒక స్వామి సభలో లేచి నిలబడి, చొక్కా చేతులు పైకి మడిచి తియ్యమని అడిగాను. తన్నులు తిన్నాను. ఆ తన్నుల మీద నాకు చాలాకాలం గర్వం ఉండేది. చూపించు, చూస్తాను, చూశాకే ఒప్పుకుంటాను: ఇంతే నా సిద్ధాంతం. దీనికోసం బంధువులతో తెగతెంపులు చేసుకున్నాను. నా పెళ్ళి ముహూర్తం లేకుండా, మంత్రం లేకుండా, ఇరవై నిమిషాల ఉపన్యాసంతో జరిగింది. ఉపన్యాసం కూడా నేనే ఇచ్చానని మా ఆవిడ కమల ఇప్పటికీ దెప్పుతుంది.

డెబ్భైల చివర మేము డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కున్నాం. ఇంజిన్ బ్లాకులు పోతపోసే ఫౌండ్రీలో నాణ్యత తనిఖీ నా ఉద్యోగం. అక్కడ ఫ్రెడ్ అనే ముసలాయన టూల్ మేకర్‌గా పనిచేసేవాడు. శనివారాలు దగ్గరలోని విశ్వవిద్యాలయం మైదానంలో అథ్లెటిక్స్ పోటీలకు జీతం లేని అంపైరుగా ఉండేవాడు. ఒకరోజు, "నువ్వు ఇనుము చూసేవాడివి కదా, వచ్చి మా ఇనుము కూడా చూడు" అన్నాడు. వెళ్ళాను. తర్వాత ఎనిమిదేళ్ళు వెళ్తూనే ఉన్నాను.

ఆ శనివారాల వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తడి గడ్డి, కాఫీ, తుప్పు. పొద్దున్నే గుండ్లన్నీ వరసగా పెట్టి ఒక్కొక్కదాన్ని తూకం వేసేవాణ్ణి. ఇనుప రింగులోంచి దూర్చి వ్యాసం చూసేవాణ్ణి. సరిపోయినదాని మీద పసుపుపచ్చ రంగు చుక్క పెట్టేవాణ్ణి. మగవాళ్ళది ఏడుంబావు కిలోలు, కాస్త ఎక్కువ. పాత ఇంగ్లీషు లెక్కలో సరిగ్గా పదహారు పౌన్లు. ఎప్పుడో స్కాట్లండులో రాళ్ళు నెట్టుకున్న మొరటు ఆట, సైనికులు ఫిరంగి గుండ్లు నెట్టిన ఆట, మొదటి ఆధునిక ఒలింపిక్స్ నాటికే పతకాల ఆట అయింది. ఆడవాళ్ళను మాత్రం రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన తర్వాతే ఒలింపిక్స్ వలయంలోకి రానిచ్చారు. దీని మీద నేను ఫ్రెడ్‌తో గంటలు వాదించేవాణ్ణి. ఆయన నన్ను కాదనలేదు కూడా. నాకే వాదం కావాలి.

విసిరే గుండు అని పైన రాశాను గానీ, అది తప్పు. గుండును విసరరు, నెడతారు. మెడ దగ్గరనుంచి కదలకూడదు. ఏడడుగుల వలయం. ముందు కొయ్య అడ్డు. ఒక తరం వాళ్ళు వెనక్కి తిరిగి నిలబడి, ఒంటికాలి మీద జారుతూ వచ్చి నెట్టేవారు. డెబ్భైల్లో కొత్తవాళ్ళు వచ్చారు, డిస్కస్ విసిరేవాళ్ళలా గిర్రున తిరిగి వదిలేవారు. పాతవాళ్ళు "ఇది సర్కస్" అనేవారు. గుండు ఎంత దూరం పడిందో టేపే చెప్పేది. అందుకే నాకు ఆ ఆట మీద అంత ప్రేమ. వాదన అక్కర్లేని చోటు అది. ఇనుము మట్టిలో గుంట చేస్తుంది, గుంట దగ్గర నేను టేపు సున్నా పట్టుకుంటాను, వలయం దగ్గర ఫ్రెడ్ అంకె చదువుతాడు. అంతే.

అవి దేశాలు ఒకదాని పోటీకి ఇంకొకటి పోని రోజులు. ఒకసారి అమెరికా మాస్కో వెళ్ళలేదు. నాలుగేళ్ళకు రష్యా వాళ్ళు లాస్ ఏంజెలెస్ రాలేదు. కానీ మధ్యలో చిన్న చిన్న పోటీలకు ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చేవారు. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన ఒక ఆవిడ ప్రతిసారీ ఎడమకాలికి ఒకే పాత ఎర్ర మేజోడు వేసుకునేది. అది లేకపోతే గుండు ముందుకు పోదని ఆమె నమ్మకం. టెక్సస్ కుర్రాడొకడు గుండును ముద్దుపెట్టుకుని ఏదో గొణిగేవాడు. నేను నవ్వుకునేవాణ్ణి. ఆ మేజోడు గురించి ఇంటికి వచ్చి కమలకు ముచ్చటగా చెప్పాను కూడా. ఆ సంగతి గుర్తుంచుకోండి. నేను మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను.

ఎనభైల మొదట్లో ఒక మే నెలలో, ఏడెనిమిది దేశాల వాళ్ళను పిలిచి మా మైదానంలో పోటీ పెట్టారు. భారతదేశం నుంచి వచ్చిన చిన్న జట్టులో ఒక తెలుగామె ఉంది. ఆమెను ఇక్కడ నాగమణి అంటాను. అసలు పేరు ఆమెది. ఆమె కథను నేను ఇప్పటికే ఒకసారి వాడుకున్నాను.

తణుకు దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ఇరవై ఆరేళ్ళు. ఆసియా పోటీలకు వెళ్ళే జట్టుకు ఒక దూరం పెట్టారు, ఈ పోటీలో అది దాటితే తీసుకుంటారు. దాటకపోతే లేదు. మళ్ళీ స్కూలు సెలవిస్తుందన్న ఆశ కూడా ఆమెకు లేదు. ఇదంతా ఆమే చెప్పింది, శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో భోజనం చేస్తూ. అంతకు ముందే మైదానంలో సాధన చేస్తుంటే నేను సరదాగా టేపు పట్టాను. ఆ దూరం దాటింది. రెండుసార్లు. నా చేతుల్లో టేపు బిగుసుకోవడం నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

మా ఇంట్లో ఆమె తిన్న తిండి చూసి కమల మురిసిపోయింది. "వదినగారూ, ఇంకో గరిటె వెయ్యండి. నేను తినకపోతే గుండే నన్ను విసిరేస్తది" అంది నాగమణి. నన్ను అన్నయ్యగారూ అని పిలిచింది. మణికట్టుకు ఎర్రదారం ఉంది. నెట్టేముందు గుండును కళ్ళకద్దుకోవడం కూడా సాయంత్రమే చూశాను. ఊరుకోగలనా? ఇనుముకు దణ్ణం పెడితే ఎంత దూరం కలిసొస్తుందని అడిగాను.

"మీరు కారెక్కగానే సీటుబెల్టు పెట్టుకోరా అన్నయ్యగారూ?" అంది.

సీటుబెల్టు వెనక భౌతికశాస్త్రం ఉంది, నీ దణ్ణం వెనక ఏముందన్నాను.

"నా దణ్ణం వెనక నేనున్నాను కదండీ. ఎనభై కేజీలు."

కమల పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. వేదికల మీద పండితుల నోళ్ళు మూయించినవాణ్ణి, నా భోజనాల బల్ల దగ్గర ఒక డ్రిల్లు టీచరు నా నోరు మూయించింది. గుచ్చుకుంది. అంత చిన్న విషయం గుచ్చుకుంటుందా అని మీరు అడగొచ్చు. నేనూ ఆ ప్రశ్న వేసుకున్నాను. గుచ్చుకుంది.

మర్నాడు చలి. వాన కురిసి వెలిసింది. నేను గుండ్ల తూకంలో ఉన్నాను. కమల ఇడ్లీలు పట్టుకుని నాగమణి దగ్గరకు వెళ్ళింది. పోటీ మొదలయ్యేముందు ఫ్రెడ్‌కు ఒక అలవాటుండేది: ప్రతి క్రీడాకారిణి అరచేతులు చాపి చూపించాలి. వేళ్ళకు పట్టీలు చుట్టుకుంటే గుండు మీద పట్టు పెరుగుతుంది కనుక నిబంధన ఒప్పుకోదు. తెరిచి ఉన్న గాయం మీద కట్టు మాత్రం ఉండొచ్చు. అది గాయమేనని అంపైరు చూడాలి. చూడాలి అన్న మాట నిబంధనలోనే ఉంది.

నాగమణి కుడిచేతి నడిమివేలి మొదట్లో గుడ్డ చుట్టి ఉంది. పసుపు రంగు తేలింది. జట్టు మేనేజరు అవతల జావెలిన్ దగ్గర ఉన్నాడు, కమల ప్రేక్షకుల్లోకి వెళ్ళిపోయింది. ఆమె భాష తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

"అదేమిటి? అడుగు" అన్నాడు ఫ్రెడ్ ఇంగ్లీషులో.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"పొద్దున చర్మం చీలిందండీ అన్నయ్యగారూ, చలికి. వదినగారు పసుపు పెట్టి కట్టారు."

"నిన్న దారం, ఇవాళ పసుపా? తర్వాత నిమ్మకాయ కోస్తావా?"

"అయ్యో, ఉత్తుత్తి కాదండీ, నిజంగా దెబ్బే. విప్పి చూడండి."

చెయ్యి చాపింది. నా ఛాతీకి జానెడు దూరంలో ఉంది ఆ వేలు.

"గాయమా?" అన్నాడు ఫ్రెడ్.

"కాదు. తాయెత్తు లాంటిది. మా వైపు మూఢనమ్మకం."

"నువ్వు చూశావా?"

"నాకు తెలుసు" అన్నాను.

ఆ రెండు మాటలే. నా జీవితమంతా ఎవరెవరిని ఎదిరించానో, ఆ స్వాములందరూ చెప్పే రెండు మాటలే నా నోట్లోంచి వచ్చాయి. ఫ్రెడ్ నన్ను నమ్మాడు. నేను ఇనుము కొలిచేవాణ్ణి కదా. తీసెయ్యమని సైగ చేశాడు.

"ఆయనకేం చెప్పారండీ?" అంది నాగమణి.

"తీసెయ్యాల్సిందే. రూలు" అన్నాను.

"రూలైతే సరేలెండి" అంది. పంటితో ముడి లాగి విప్పుకుంది. నేను అటు చూడలేదు. టేపు తీసుకుని గుండు పడే చోటికి నడిచిపోయాను.

ఎందుకు చూడలేదు? ఈ ప్రశ్నను వేల రాత్రులు కాదు, వేల పగళ్ళు వేసుకున్నాను, కారు నడుపుతూ, గడ్డి కోస్తూ. నిన్నటి నవ్వు ఒక కారణం. వదినగారు కట్టారు అనగానే, నా ఇంట్లో మనిషే అవతలి పక్షం చేరిందన్న ఉక్రోషం ఒక కారణం. కానీ అన్నిటికన్నా అడుగున ఉన్నది వేరు. తెల్లామె ఎర్ర మేజోడు నాకు ముచ్చట. మనమ్మాయి పసుపుగుడ్డ నాకు పరువు తక్కువ. ఫ్రెడ్ ముందు నేను ఆ గుడ్డ తాలూకు మనిషిని కానని చెప్పుకోవాలి. గాయం ఉందో లేదో తెలుసుకోవడం నాకు అక్కర్లేకపోయింది. దాన్ని హేతువు అంటారా? భయం అంటారు.

మొదటి ప్రయత్నం దగ్గరలోనే పడింది. రెండోది చేతిలోంచి జారినట్టు పక్కకు పోయింది. గుంటలో పిన్ను గుచ్చి గుండు ఎత్తాను. నేను వేసిన పసుపుపచ్చ చుక్క పక్కన ఎర్రగా ఉంది. మట్టి అనుకున్నాను. కాదు. తడిగా, వేలి వెడల్పున, పచ్చి నెత్తురు.

ఇప్పుడు వినండి. చూడకుండా చెప్పడం పొరపాటని మీరు సర్దిచెప్పొచ్చు. దీనికి సర్దుబాటు లేదు. నాకు తెలిసిపోయింది. ఫ్రెడ్ నలభై అడుగుల దూరంలో ఉన్నాడు. చెయ్యెత్తి పిలిస్తే చాలు. మూడో ప్రయత్నమైనా కట్టుతో చేసేది. నేను భుజం మీది తువ్వాలు తీసి గుండును శుభ్రంగా తుడిచి, వెనక్కి పంపాను.

మూడోసారి ఆమె గుండును కళ్ళకద్దుకోలేదు. నా వైపు ఒకసారి చూసింది. నెట్టింది. గుండు బాగానే వెళ్ళింది, కానీ కాలు కొయ్య దాటింది. లెక్కకు రాదని ఫ్రెడ్ ఎర్రజెండా ఎత్తాడు. మొదటి మూడు ప్రయత్నాల తర్వాత ముందున్న ఎనిమిది మందికే ఇంకో మూడు ఇస్తారు. ఆమె ఆ ఎనిమిది మందిలో లేదు.

సాయంత్రం ఆమె మా ఇంటికి రాలేదు. కమల అన్నం డబ్బాలో పెట్టుకుని హాస్టలుకు వెళ్ళి వచ్చింది. అక్కణ్ణుంచి తెచ్చిన ఒక గుడ్డ ఉతికి నా రాతబల్ల పక్కన కుర్చీ వీపు మీద ఆరేసింది. నా జేబురుమాలు. నీలం అంచుది. కడితే సగం నలిగి, మధ్యలో పసుపు, ఆ పసుపులో పోకుండా మిగిలిన గోధుమరంగు మరక. కమల నా కోటు జేబులోంచి తీసిన రుమాలే ఆమె వేలికి ఉందని, జానెడు దూరంలో ఉన్నా నేను గుర్తుపట్టలేదు.

ఆ రుమాలు ఆరకముందే వ్యాసం మొదలుపెట్టాను. "తాయెత్తు ఓడిన రోజు."

విజయవాడలో ఒక చిన్న హేతువాద మాసపత్రిక అచ్చువేసింది. ఒక ఆటగత్తె గుండుకు దణ్ణం పెడుతుంది, వేలికి మంత్రించిన పసుపుగుడ్డ కట్టుకుంటుంది, గుడ్డ తీసేస్తే ధైర్యం చచ్చి ఓడిపోతుంది. మంత్రించిన అన్న మాట నేను కల్పించాను. మూడోసారి దణ్ణం మానేయడం ఆమెలో మేలుకున్న ఆలోచన అని కూడా రాశాను. నెత్తురు గురించి ఒక్క ముక్క లేదు. వ్యాసం అందరికీ నచ్చింది. తర్వాత నా పుస్తకంలో మొదటి వ్యాసం అదే. అమెరికాలో తెలుగువాళ్ళు ఎక్కడ పిలిచినా అదే చెప్పాను. శాంటా క్లారాలో ఒక సభలో ఒక డాక్టరుగారు లేచి, "ఏవండీ, ఆ వేలు ఎవరైనా ఎగ్జామిన్ చేశారా? చలిలో మెటల్ పట్టుకుంటే స్కిన్ చీలుతుంది" అంది. "డాక్టర్లకు ఎక్కడ చూసినా పేషెంట్లే కనపడతారు" అన్నాను. హాలంతా నవ్వింది. ఆవిడ కూర్చుంది. చొక్కా చేతులు మడవమని అడిగిన కుర్రవాణ్ణి ఆరోజు నేనే తన్ని కూర్చోబెట్టాను.

ఆ తర్వాత ఆ కథ చెప్పడం మానేశాను. అబద్ధం అని మాత్రం చెప్పలేదు. మానేయడం చాలనుకున్నాను.

నాగమణి ఒక్క ఉత్తరం రాసింది. నాకు కాదు, కమలకు. పత్రిక వాళ్ళ స్కూలు లైబ్రరీకి కూడా వచ్చేదట. పేరు లేకపోయినా, అమెరికా వెళ్ళి గుండు విసిరిన టీచరు ఆ చుట్టుపక్కల ఇంకెవరున్నారు? పిల్లలు గుండును పసుపుగుడ్డలో చుట్టి ఆమె బల్ల మీద పెట్టారట. దాని గురించి ఒక్క వాక్యమే రాసింది. చివర ఇలా ఉంది: "వేలు మానింది వదినగారూ. పసుపు మంచిదే. అన్నయ్యగారికి నమస్కారాలు చెప్పండి." కమల ఆ ఉత్తరం నాకు చదివి వినిపించి దాచేసింది. అప్పటినుంచి నేను రాసినదేదీ ఆమె చదవలేదు. అడగను కూడా అడగలేదు నేను.

ఈ చలికాలం విజయవాడనుంచి ఒక యువకుడు రాశాడు. నా పాత పుస్తకం మళ్ళీ అచ్చువేస్తారట, ఆ వ్యాసం పాఠశాలల్లో చదివిస్తారట. కమల టేబుల్ తుడుస్తూ, "వెయ్యనిస్తారా?" అంది. అంతే. తుడుస్తూనే ఉంది.

వెయ్యనివ్వనని జవాబు రాశాను. ఎందుకో కూడా రాశాను. నాగమణి పాత చిరునామాకు ఒక ప్రతి పంపాను. జవాబు రాలేదు. రావాలని నేను అడగకూడదు. ఆమె క్షమిస్తే నాకు సుఖం, ఆమెకు ఏం ఒరుగుతుంది? ఆసియా పోటీలు వెనక్కి వస్తాయా? ఫ్రెడ్ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆయనకు చెప్పవలసింది కూడా మీకే చెబుతున్నాను: నేను చూడలేదు, ఫ్రెడ్. చూశాక దాచాను.

రాసేశాను. మెడ మీద బరువు దిగలేదు గానీ, చేతులు మారింది. ఇప్పుడు మీ చేతుల్లో ఉంది. మీరు చేయవలసిన పని ఒకటుంది.

ఆ పుస్తకం మీ ఇంట్లో ఉంటే ఇప్పుడే తియ్యండి. చించకండి, తగలబెట్టకండి. మొదటి వ్యాసం మార్జిన్‌లో పెన్నుతో రాయండి: ఆమె వేలికి గాయం ఉంది. రాసినవాడు విప్పి చూడలేదు. ఆ కథ మీరు ఎవరికైనా చెప్పి నవ్వించి ఉంటే, ఎవరికి చెప్పారో గుర్తుతెచ్చుకుని వెళ్ళి ఇది కూడా చెప్పండి. నా మాట మీద కూడా ఊరుకోకండి. తణుకు వైపు మీకెవరైనా ఉంటే వెతికించండి, ఆమె కుడిచేతి నడిమివేలి మొదట్లో మచ్చ ఉంటుంది. చూపిస్తుందేమో అడగండి. చూపిస్తే, చూడండి.